ఇటు చెరిపితే అటు

ఒక దర్జీ ఆవిడ ఎడమ కంటికి ఆపరేషనని సోమవారం పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చింది. తీరా వచ్చి చూస్తే ఆసుపత్రి క్యాలెండర్లో ఆవిడ పేరే లేదు. నెలలో ఇలా అవడం ఇది మూడోసారి. కంటి డాక్టరు గారికి ఒళ్ళు మండిపోయింది. ముందు గదిలో కూర్చునే రిసెప్షనిస్టు పేర్లు ఎక్కించకుండా కాలక్షేపం చేస్తోందని తేల్చేశారు. అయినా ఆయన న్యాయం తెలిసిన మనిషి కదా, కంప్యూటర్లు చూసేవాణ్ణి పిలిపించి, తప్పు మిషన్‌దో మనిషిదో గంటలో చెప్పమన్నారు. మిషన్‌ది కాకపోతే రిసెప్షనిస్టు ఆ పూటే ఇంటికి.

ఆ రిసెప్షనిస్టు కంప్యూటరతనికి స్వయానా వదిన. అన్న పోయాక ఇద్దరు పిల్లల్ని ఈ ఉద్యోగం మీదే నెట్టుకొస్తోంది. రెండేళ్ళ కిందట "మా మరిది మంచి పనివాడండీ" అని డాక్టరు గారి చెవిన వేసి అతన్ని ఇక్కడికి తెచ్చింది కూడా ఆవిడే.

ఆ మంచి పనివాడు ముందు గదిలో బ్రౌజర్లో తెరుచుకునే క్యాలెండర్ పెట్టాడు. ఎవరైనా తీసుకుని తమకు కావలసినట్టు మార్చుకోదగ్గ ఓపెన్ సోర్స్ సరుకు. డాక్టరు గారు మాత్రం తన బల్ల మీది పాత ప్రోగ్రాం తప్ప ఇంకోటి ముట్టనన్నారు. ముందు గదిలో ఎక్కించిన పేర్లు అందులో కనబడితే చాలన్నారు. ఊరికే కనబడితే మనవాడి పనితనం ఏం కాను? రెండువైపులా రాకపోకలు పెట్టేశాడు. అక్కడ మారిస్తే ఇక్కడా, ఇక్కడ మారిస్తే అక్కడా మారుతుంది. ఈ ముక్క డాక్టరు గారికి చెప్పాలన్న ధ్యాసే అతనికి లేకపోయింది.

ఇప్పుడు చీపుర్లూ సర్వరూ కలిసి కాపురం చేసే చిన్న గదిలో కూర్చుని, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వరసగా రాసి ఉండే చిట్టా తెరిచాడు. దర్జీ ఆవిడ పేరు వదిన ఎక్కించింది. కుడి కన్ను, ఎడమ కన్ను, ఆ తర్వాతి పరీక్షలు, అన్నీ ఒకే గొలుసుగా ఎక్కించింది. శ్రమ తగ్గుతుందని నెల కిందట అలా నేర్పింది అతనే. ఇవాళ ఎనిమిదీ నలభైకి ఆ గొలుసు మొత్తం చెరిగిపోయింది. చెరిపింది డాక్టరు గారి కంప్యూటర్. మిగతా ఇద్దరివీ అంతే, సోమవారం, అదే వేళ. డాక్టరు గారికి తెర శుభ్రంగా ఉండాలి. వారం మొదట్లో, ఈ కుడి కన్ను లాగా అయిపోయినవన్నీ తుడిచేస్తారు. ఇదొక్కటేనా, దీనితో ముడిపడ్డవి కూడానా అని ప్రోగ్రాం అడిగితే చదవకుండానే అన్నీ అని కొట్టేస్తారు. తన తెర తను తుడుచుకుంటున్నాననే ఆయన ధీమా.

మూడు వారాల కిందట వదిన ఫోన్ చేసింది. ఎక్కించిన పేర్లు మాయమవుతున్నాయి, ఒకసారి వచ్చి చూడమంది. కంటాసుపత్రిలో ఉంటూ కళ్ళు చూపించుకోవా వదినా అని ఆటపట్టించి పెట్టేశాడు. ఆ రోజు ఈ చిట్టా చూసి ఉంటే ఐదు నిమిషాల పని.

డాక్టరు గారి గదిలో వదిన గోడ పక్కన నిలబడి ఉంది. బల్ల మీద కొత్తగా తెరవబోయే రెండు శాఖల ప్లాన్లు పరిచి ఉన్నాయి. అక్కడి కంప్యూటర్ల పని కూడా అతనికేనని కిందటి వారమే మాటిచ్చారు. డాక్టరు గారి తప్పు చెప్పాలంటే ముందు తన నిర్వాకం చెప్పుకోవాలి.

"సిస్టం బాగానే ఉందండి," అన్నాడు.

అబద్ధం కాదు కదా అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. చెరపమన్నారు, చెరిపింది, అందులో సిస్టం తప్పేముంది? ఇలాంటివి మాత్రం మనిషికి ఎంత తొందరగా తడతాయో. వదిన సొరుగు తాళాలు బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

అతను చీపుర్ల గదిలోకి పరిగెత్తి, డాక్టరు గారి కంప్యూటర్లో ఏం చెరిపినా ముందు గది క్యాలెండర్ మారకుండా చేశాడు. ఒక్క టిక్కు తీసేస్తే సరిపోయింది. ఆ తర్వాత మెట్ల దగ్గర వదినని అందుకుని సంచీ పట్టుకోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు.

"పొద్దున ఫైళ్ళు ఇవ్వడానికి లోపలికెళ్ళాను," అంది. "ఆయన చెరుపుతున్నారు. నా చోటికొచ్చి చూస్తే అక్కడా లేవు. మళ్ళీ ఎక్కించేలోపే ఆ దర్జీ ఆవిడ వచ్చేసింది."

మరి లోపల చెప్పలేదేమని అడిగాడు.

"చెప్తే ఇలా పెట్టిందెవడని నిన్ను నిలదీస్తారు. నువ్వే చెప్తావులే అని ఊరుకున్నాను."

అతను తల దించుకున్నాడు. ఎత్తేసరికి ఆవిడ వీధిలోకి వెళ్ళిపోయింది. వెళ్ళి క్షమించమని అడగాలని రోజూ అనుకున్నాడు గానీ ముఖం చెల్లలేదు.

నెల తిరిగాక కొత్త శాఖల పని మాట్లాడటానికి వెళితే డాక్టరు గారు ఫోన్లో ఉన్నారు. వదిన వేరే ఆసుపత్రిలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. ఆవిడ ఎలాంటి మనిషని వాళ్ళు అడుగుతున్నారు.

"ఉన్నమాటే చెప్తున్నానండి. ఆవిడ వెళ్ళాక ఒక్క పేరు కూడా మాయమవలేదు. ఇదిగో, మా కంప్యూటరతన్నే అడగండి," అని ఫోన్ అతని చేతిలో పెట్టారు.

అవతలి గొంతు మర్యాదగా, ఓపిగ్గా ఉంది. అది నిజమేనా అని అడిగింది. డాక్టరు గారు అతన్నే చూస్తున్నారు.

"నిజమేనండి," అన్నాడు. "ఆవిడ వెళ్ళాక ఒక్కటీ పోలేదు."