లోపలికి పోయిన పొగ

ఒడిశాలోని సెమిలిగుడలో మా ఇంటికి సస్మిత మేడమ్ రక్తం తీసుకోవడానికి వచ్చారు. అమ్మమ్మ, అమ్మ, నేను. ఆమె పరిశోధనకు మూడు తరాల ఆడవాళ్లు కావాలట. మా అమ్మమ్మ అప్పమ్మ రోడ్లు ఊడ్చి రిటైరైంది. ఇప్పుడు అమ్మ ఊడుస్తోంది.

మేడమ్ ముందే మా బడిలో చెప్పారు. వయసు, పొగ, దుమ్ము, ఆకలి మన డీఎన్ఏ మీద చిన్న గుర్తులు అంటిస్తాయట. దాన్నే మిథైలేషన్ అంటారట. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో ఆ గుర్తులను బట్టి ఉంటుందట. ఇంకో మాట కూడా చెప్పారు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆ పిల్లలో అండాలు తయారవుతాయి. అంటే అమ్మమ్మ అమ్మను మోసినప్పుడే నాలో సగం అక్కడుంది. అది విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు.

అమ్మమ్మకు బజారు ఒడియా వచ్చు. పరీక్షల మాటలకు మాత్రం నన్ను మధ్యన కూర్చోబెట్టారు.

“పొగ తాగుతావా అని అడుగుతన్నారు, అమ్మమ్మా.”

“సీ! బీడీ గానీ సిగరెట్టు గానీ ముట్టనేదని సెప్పు.”

అమ్మ తల దించుకుంది. అమ్మమ్మ అడ్డపొగ తాగుతుంది. చుట్టకు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు బిగిస్తుంది.

“మరి సుట్టో?” మెల్లగా అడిగాను.

“అదేటి పొగే? బయటికొస్తేనే కదా పొగ! నేదని సెప్పు.”

మేడమ్ నా వైపు చూశారు. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. తల అడ్డంగా ఊపితే చాలు. కానీ అప్పుడు అమ్మమ్మ రక్తంలోని పొగ గుర్తులను కూడా రోడ్డు దుమ్మువే అనుకుంటారు. నాలో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో నాకిక తెలియదు.

“చుట్ట తాగుతుంది, మేడమ్. చిన్నప్పటి నుంచి,” అన్నాను ఒడియాలో.

ఆ ఒడియా అమ్మమ్మకు బాగానే అర్థమైంది.

“ఓలమ్మీ! నోట్లో మాట నేనిదానివి, నా పరువు తియ్యడానికే వొచ్చిందేటి గొంతు?”

సాయంత్రం అమ్మమ్మ వీధి మెట్టు మీద చుట్ట వెలిగించి, నోట్లో పెట్టబోయి ఆగింది.

“మీయమ్మ నా కడుపులో ఉన్నప్పుడూ తాగీదాన్ని. ఆకలి తెలీకుండా. అది నీకూ అంటీసిందేటి?”

“తెల్దు అమ్మమ్మా. ఆళ్లకీ ఇంకా తెల్దంట. అందుకే రక్తం తీసుకున్నారు.”

అమ్మమ్మ చుట్టను తిప్పి, నిప్పు బయటికి పెట్టి లాగింది. ఆమె దగ్గర అంత పొగ చూడడం నాకదే మొదలు. అది నా మీదికే వచ్చింది. గబగబా కొంగుతో విసిరింది.

“లోపలికి పో, అమ్మీ.”

వెళ్లాను. కూర్చోలేక మళ్లీ గుమ్మంలోకి వచ్చాను. ఇందాక నేనున్న ఖాళీ చోట అమ్మమ్మ ఇంకా కొంగుతో విసురుతూనే ఉంది.