పుష్యమికి వంతు

తెనాలి నుంచి చూస్తే ఆకాశం తప్ప అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. సినిమాహాళ్ల లైట్లు, నగల కొట్ల లైట్లు, కల్యాణమండపాల సీరియల్ సెట్లు అన్నీ కలిసి నక్షత్రాలకి పని లేకుండా చేశాయి. అలాంటి ఊరు కాబట్టే మాకు నక్షత్రాల ఫొటోలు తీసే సంఘం ఒకటి ఏర్పడింది. చేపలు లేని చెరువు గట్టునే గాలాల గురించి ఎక్కువ మాట్లాడుకుంటారు.

సంఘంలో సగంమంది నాలాంటి రిటైరైనవాళ్లు. మిగతా సగం మమ్మల్ని ఓపికగా వినే దయగలవాళ్లు. అందరం చందాలు వేసుకుని ఒక ట్రాకర్ కొన్నాం. భూమి తిరుగుతుంటే ఆకాశం జరుగుతున్నట్టు కనిపిస్తుంది కదా, ఆ వేగంతోనే కెమెరాను మెల్లగా తిప్పే చిన్న యంత్రం అది. అది లేకుండా ఎక్కువసేపు ఫొటో తీస్తే చుక్కలు సేమ్యాలా పడతాయి. సంఘానికి ఉన్నది ఒక్క ట్రాకరే కాబట్టి, ఎవరు దేన్ని తీయాలో, ఎప్పుడు ఎవరి వంతో తేల్చడానికి మీటింగులు పెడతాం. ఇప్పటిదాకా ఫొటోలకంటే మీటింగులే బాగా వచ్చాయి.

అధ్యక్షులు వేంకటసుబ్రహ్మణ్యంగారు. కాలేజీలో లాజిక్ చెప్పి రిటైరయ్యారు. అక్కడ చెప్పేసిన లాజిక్‌ని ఇంటికి తెచ్చుకోలేదు. ట్రాకర్ ఆయనింట్లోనే, బీరువాలో, పట్టుచీరల పక్కన ఉంటుంది. చీరలైనా అప్పుడప్పుడు బయటికొస్తాయి.

నాకు కావలసింది ఒక్కటే. పుష్యమి.

మా ఆవిడ వేదవతిది పుష్యమి నక్షత్రం. పెళ్లయినప్పటినుంచి ప్రతినెలా పుష్యమి వచ్చిన రోజున గుళ్లో ఆవిడ పేరున అర్చన చేయించేవాణ్ణి. పూజారిగారు గోత్రం, పేరు, నక్షత్రం మూడింటినీ కలిపి ఒకే మాటలా గడగడా అనేసేవారు. ఆవిడ పోయాక కూడా అలవాటుకొద్దీ వెళ్లి పళ్లెం అందించాను. “ఎవరి పేరునండి?” అన్నారాయన మెల్లగా. పోయినవాళ్లకి తిథి ఉంటుంది గాని అర్చన ఉండదు. ఆయన నా చేతినిండా దద్దోజనం పెట్టి పంపించారు. ఆ మాత్రం దయ చాలు. కాని ఆ రోజునుంచి ఆ నక్షత్రం పేరు పైకి అనడానికి నాకొక చోటు లేకుండా పోయింది.

మనిషి పోతే పుట్టిన నక్షత్రం పోదు కదా. పైనే ఎక్కడో ఉండి ఉంటుంది. దాన్ని నా చేత్తో ఒక ఫొటో తీసి ఇంట్లో పెట్టుకోవాలి. అందుకే సంఘంలో చేరాను. పుష్యమి ఉగాది రోజుల్లో పొద్దుగూకేసరికి నడినెత్తిన ఉంటుంది. వైశాఖం దాటితే పడమట దిగిపోతుంది. ఆ తర్వాత మబ్బులు. ఈ వసంతం తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. నా వయసులో ఏడాదంటే అంత తేలిగ్గా వాయిదా వేసే వస్తువు కాదు.

ఉగాదికి ముందు, వసంతకాలంలో ఏమేం తీయాలో తేల్చడానికి మీటింగు పెట్టారు. పళ్ల డాక్టరు వాగ్దేవి క్లినిక్కులో, పేషెంట్లు వెళ్లాక, వాళ్లు దవడలు పట్టుకుని కూర్చునే బెంచీల మీద మేం కూర్చున్నాం.

“వసంతమంటే గెలాక్సీల కాలం,” అని అధ్యక్షులు మొదలెట్టారు. “మనం సుడిగుండం గెలాక్సీ తీద్దాం. చక్రంలా భలే ఉంటుంది.”

“ఒక్కటే తీస్తే ఏం లాభం సార్?” అంది వాగ్దేవి. “కన్యారాశి వైపు గెలాక్సీల గుంపుంది. ఒక్క ఫొటోలో పాతిక పడతాయంట.”

భోజనాల బంతిలో కూర్చోకముందే స్వీట్లు ఎన్నని అడిగే వాళ్లలా ఉన్నాం. నేను గొంతు సవరించుకున్నాను.

“మన లెన్సులు పెళ్లి ఫొటోలకి కొన్నవండి. వాటితో తీస్తే ఆ గెలాక్సీ నూకగింజంత కూడా పడదు. కొత్తవాళ్లకి పెద్దగా, వెలుగుగా, నెత్తిమీద ఉండేదైతే తేలిక. పుష్యమిలో తేనెపట్టులాంటి చుక్కల గుంపొకటి ఉంది...”

“పుష్యమా? అది ఉత్త కంటికే కనిపిస్తుంది కదండీ!” అన్నారు అధ్యక్షులు, నేనేదో ఉప్మా వండుదామన్నట్టు. “కంటికి కనిపించేదానికి ట్రాకరెందుకు, దండగ!”

నిజమే. కనిపించేదాన్ని ఫొటో తీయడం మా స్థాయికి తగదు. కనిపించనిదానికి గురిపెట్టి, అది రాకపోతే వాతావరణాన్ని తిట్టడమే మా స్థాయి.

బాబూరావు నా మొహం చూశాడు. వాడిది రేపల్లె, హైస్కూలు హెడ్మాస్టరుగా చేశాడు. కాలేజీలో నా పక్క బెంచీ. పుష్యమి సంగతి వాడికొక్కడికే చెప్పాను.

“సరే, ఏం తీసినా చీకటి కావాలి కదండి,” అన్నాడు. “ఉగాది ముందురోజు అమావాస్య. వెళ్దామా?”

క్లినిక్కులో ఎవరికో మత్తు లేకుండా పన్ను పీకినట్టు అందరూ ఉలిక్కిపడ్డారు.

“అమావాస్యనాడు ఎవరైనా మొదలెడతారటండీ? మీకు పట్టింపు లేదు కాబట్టి సరిపోయింది బాబూరావుగారూ,” అన్నారు అధ్యక్షులు.

“మాకు ఆదివారం పొద్దున చర్చి వేళ తప్ప అన్నీ మంచివేనండి.”

అధ్యక్షులు పంచాంగం తిరగేశారు. “శ్రీరామనవమి! ఇంతకంటే దివ్యమైన రోజేదండీ? పైగా ఆ రోజు నక్షత్రం ఏంటో చూడండి, పుష్యమి! దత్తుగారూ, మీ ముచ్చటా తీరుతుంది. సుడిగుండం పైకొచ్చేదాకా ట్రాకర్ మీకే.”

నాకెంత సంతోషమేసిందంటే, చదువుకున్న చదువంతా ఆ సంతోషంలో మునిగిపోయింది.

“నవమికి వెన్నెలుంటుందేమో సార్?” అంది వాగ్దేవి ఒక్కతే.

“అమ్మా, పెళ్లిపీటలమీద పట్టపగలు అరుంధతిని చూసినవాళ్లం. మనకి వెన్నెలొక లెక్కా?”

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నవమినాడు కల్యాణం చూసి, పానకం సీసాల్లో నింపుకుని, రైల్లో బాపట్ల దిగి ఆటోల్లో సూర్యలంక చేరాం. పండగ సెలవు కదా, గుంటూరు, తెనాలి జనమంతా సముద్రం ఎక్కడికైనా పోతుందేమోనని చూడటానికి వచ్చినట్టున్నారు. ట్రాకర్‌ని ధ్రువనక్షత్రం వైపు పెట్టాలి. మన వైపు ధ్రువుడు బాగా కిందికి ఉంటాడు. సరుగుడు తోటల పైన కదలకుండా ఉన్న తెల్లటి చుక్క కనిపించగానే అధ్యక్షులు దండం పెట్టి గురిపెట్టించారు. మేం బిగించడం పూర్తయ్యాక ఎవరో స్విచ్చి నొక్కారు, ధ్రువుడు ఆరిపోయాడు. రిసార్టు మేడమీద బల్బు. అసలు ధ్రువుణ్ణి వాగ్దేవి వెతికి పట్టుకుంది.

మొదటి వంతు నాది. కెమెరా నడినెత్తికి తిప్పి, తలెత్తి చూశాను.

నెత్తిమీద చంద్రుడు. సగానికి మించి, ఇస్త్రీ చేసిన పంచెలా తెల్లగా, హాయిగా ఉన్నాడు. చుట్టూ బారెడు మేర ఒక్క చుక్క లేదు.

“ఏదిరా నీ పుష్యమి?” అన్నాడు బాబూరావు.

“ఆయన కూర్చున్నాడు దానిమీద.”

పంచాంగంలో ‘ఈ రోజు పుష్యమి’ అని ఉందంటే, ఈ రోజు చంద్రుడు పుష్యమి దగ్గర ఉన్నాడని అర్థం. ఇది మాకు తెలియని సంగతి కాదు. ఊహ తెలిసినప్పటినుంచి పంచాంగం చూస్తున్న వాళ్లమే అందరం. చూశాక తలెత్తి పైకి చూసే అలవాటే లేదు. దాంతో ఆ నక్షత్రం కనిపించడానికి అసలు వీల్లేని రోజును వెతికి, ముహూర్తం పెట్టుకుని మరీ వచ్చాం. ఇన్నేళ్లూ నేను వేదవతికి అర్చన చేయించిన ప్రతిసారీ ఆవిడ నక్షత్రం ఇలాగే వెన్నెల్లో మునిగి ఉందన్నమాట. ఆవిడ వింటే, “మీరెప్పుడూ నేను వంటింట్లో ఉన్నప్పుడే పిలుస్తారు” అనేది.

తీసిన ఫొటో మజ్జిగలా వచ్చింది. ఆ తర్వాత తీసిన సుడిగుండం కూడా మజ్జిగే. కాకపోతే దాన్లో అధ్యక్షులకి ఒక మూల చక్రం ఆనవాలు కనిపించింది. కళ్లజోడు తుడుచుకున్నాక పోయింది. తెల్లారి గ్రూపులో ‘తొలి ప్రయత్నం దిగ్విజయం’ అని పెట్టారు. పానకం ఫొటోలు మాత్రం చాలా బాగా వచ్చాయి.

నేను మళ్లీ పంచాంగం తీశాను, ఈసారి తిరగేసి చదవడానికి. చంద్రుడు అసలు కనిపించని రోజు ఏదో చూశాను. చైత్ర బహుళ అమావాస్య. అప్పటికి పుష్యమి ఇంకా నెత్తిమీదే ఉంటుంది. ఆ తర్వాతి అమావాస్యకి పడమట చెట్లలో ఉంటుంది. అంటే ఇదే ఆఖరి అవకాశం. ట్రాకర్‌కి ఎంత పోటీ ఉంటుందోనని భయపడుతూ అధ్యక్షులింటికి వెళ్లాను.

“అమావాస్యకా?” అన్నారాయన. “ఎవరికీ అక్కర్లేదండి, నిక్షేపంలా తీసుకెళ్లండి. కాని ఆ రోజు ఇంట్లోంచి వస్తువు బయటికి పోకూడదంటుంది మా ఆవిడ. ముందురోజే పట్టుకెళ్లండి.” గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించారు. “అయినా అమావాస్యనాడు ప్రయాణమేంటండీ దత్తుగారూ? అది పితృదేవతల రోజు.”

“అవునండి. వాళ్ల పని మీదే.”

ఆయనకి అర్థం కాలేదు. మంచిదే అయింది.

అమావాస్యనాడు సాయంత్రం రేపల్లె బండిలో కిటికీ పక్కన సీటు నాది, ఎదుటి సీటు ట్రాకర్‌ది. శుభకార్యాలవాళ్లెవరూ లేరు. వేమూరు దాటాక కాలవల మీంచి చల్లగాలి కొట్టింది. ఇంత నిమ్మళంగా ప్రయాణం చేయడానికి నాకు ఒక చెడ్డరోజు కావలసివచ్చింది.

బాబూరావు ఇల్లు రేపల్లె అవతల, కృష్ణ కరకట్టకి దగ్గర. వాడి భార్య కొండమ్మ గ్లాసు నిండా మజ్జిగిచ్చింది. నవమినాటి ఫొటో గుర్తొచ్చి నవ్వుకుంటూ తాగాను. డాబా మీద ట్రాకర్ బిగించేసరికి చీకటి పడింది. పక్కింటి గుమ్మం లైటు ఒకటే సూటిగా మా మీద పడుతోంది.

“అన్నమ్మా!” అని కేకేసింది కొండమ్మ పిట్టగోడ మీంచి. “కాసేపు ఆ లైటు తీసెయ్యి. అన్నయ్యగారు ఫొటో తీసుకోవాలంట.”

“లైటు తీసేస్తే ఫొటో ఎలా పడద్ది వదినా? ఫ్లాషు వేసుకోమను.”

“నువ్వు తీసెయ్యవే తల్లీ, చుక్కల్ని తీస్తారంట.”

“చుక్కల్నా? ఏం, వాళ్లింట్లో ఎవరిదన్నా పెళ్లా?” అంది అన్నమ్మ. లైటు మాత్రం తీసేసింది. తీసి తనూ పిట్టగోడ దగ్గరికొచ్చి నిలబడింది.

ఉత్తరాన తాడిచెట్ల పైన ధ్రువుడు ఉన్నాడు. ఈసారి ఎవరూ స్విచ్చి నొక్కలేదు. నెత్తిమీద, కొంచెం పడమటికి, ఊదితే చెదిరేలా చిన్న తెల్లటి మసక కనిపించింది. అధ్యక్షులు చెప్పింది నిజమే, ఉత్త కంటికే కనిపిస్తోంది. ఇన్నేళ్లలో నేను చూడటం ఇదే మొదటిసారి.

బటన్ మీద వేలు పెట్టి, “భారద్వాజస గోత్రం, వేదవతి, పుష్యమి నక్షత్రం” అన్నాను. పూజారిగారంత గడగడా రాలేదు.

“ప్రార్థనా?” అన్నాడు బాబూరావు.

“కాదురా. అడ్రసు.”

కెమెరా తెరుచుకుని ఊరుకుంది. ట్రాకర్ తిరుగుతోందో లేదో తెలియనంత మెల్లగా తిరిగింది. దోమలు కూడా నా చెవులు వదిలి బాబూరావు కాళ్లకి మారాయి. కాసేపటికి టక్కున మూసుకుంది. తెర వెలిగింది. నల్లటి దానిమీద చుక్కలు, చుక్కలు. సేమ్యా కాదు, మజ్జిగ కాదు. కొన్ని తెల్లగా, నాలుగైదు పసుపురంగులో.

కొండమ్మ తల వంచి చూసింది. “అబ్బ, పంచదార ఒలికినట్టుంది. ఇందులో వదినేదండి అన్నయ్యగారూ?”

“ఏదో ఒకటని చెప్పలేనమ్మా. ఒకచోట కూర్చునే మనిషి కాదుగా.”

“అది నిజం,” అంది కొండమ్మ. కిందికి వెళ్లి అన్నం వడ్డించింది.

ఆ ఫొటో ఇప్పుడు మా హాల్లో, వేదవతి ఫొటో పక్కన ఉంది. సంఘం గ్రూపులో కూడా పెట్టాను. నిమిషంలో అధ్యక్షుల సందేశం వచ్చింది: ‘అద్భుతం! నవమి ముహూర్తబలం ఊరికే పోదని అప్పుడే అనుకున్నాను. సంఘం తరఫున అభినందనలు. వచ్చే వసంతంలో కూడా నవమికే వెళ్దాం.’ కింద వరసగా అందరూ చేతులు జోడించారు.

బాబూరావు ఫోన్ చేశాడు. “చెప్పవేంట్రా, అది అమావాస్య ఫొటో అని?”

నేను కూడా చేతులు జోడించిన బొమ్మే పెట్టాను. చెబితే అమావాస్య సంగతి అందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత ట్రాకర్‌కి వంతులొస్తాయి.