అడ్డాకుల కింద జీపీఎస్

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. తప్పులుంటే మన్నించండి. రాయడం కూడా నెమ్మదే, ఇంత కథకి నెలన్నర పట్టింది. చదవడానికి మీకంత పట్టదులెండి.

కనక తన పేరు రాయడం నేర్చుకుని అప్పటికి నాలుగు నెలలు. బొర్రా దగ్గర మిషన్ బడి టీచరు జాయ్, అడ్డాకులతో విస్తళ్ళు కుట్టే ఆడవాళ్ళని సాయంత్రాలు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. అందరిలోకీ కనకకే ఆత్రం. పలక మీద రాసింది, గోడ మీద రాసింది, గుమ్మడికాయ మీద గోరుతో రాసింది. పుస్తకంలో మాత్రం ఎక్కడా రాయలేదు. ఏ ఆఫీసుకెళ్ళినా మనిషిని చూడగానే సిరా డబ్బా ముందుకు తోసేవారు.

2005 వేసవిలో జాయ్ విశాఖపట్నం వెళ్ళి, ఇంటర్నెట్‌లో ఒక ఆట చూసొచ్చింది. పక్షుల ఫోటోలు తీసే ఆయనెవరో టైడా స్టేషను పై అడవిలో ఒక డబ్బా దాచి, ఆ చోటుని అంకెల్లో చెప్పాడట. జీపీఎస్ అనే చేతి మిషనులో ఆ అంకెలు వేస్తే అది ఉపగ్రహాల్ని పట్టుకుని దారి చూపిస్తుందట. డబ్బాలో నోటుబుక్కు ఉంటుంది. కనుక్కున్నవాళ్ళు అందులో పేరు రాయాలి. ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

"అయితే మొదటి పేజీ ఖాళీయేనా?" అంది కనక.

"ఖాళీయే పిన్నీ."

"అందులో మొదటి పేరు నాదే పడాల."

చిక్కల్లా రోనాల్డ్‌తో. జాయ్ పెద్దమ్మ కొడుకు, విశాఖలో కంప్యూటర్ ఉద్యోగం. ఈ ఆట జాయ్‌కి చూపించిందే అతను. రంగుల మ్యాపున్న మిషను ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నాడు. రెండో శనివారం డబ్బా వెతకడానికి కిరండూల్ పాసింజరులో టైడా వస్తానన్నాడు. దాంతో శుక్రవారమే కనక, జాయ్ అమ్మకానికి రెండు కట్టల విస్తళ్ళు, మిషనుకి నాలుగు వేలు పట్టుకుని విశాఖలో దిగారు.

హార్బరు దగ్గర వరహాలరావు కొట్టు. వలలు, తాళ్ళు, చేపల పడవలవాళ్ళు వాడే జీపీఎస్‌లు అక్కడే దొరుకుతాయి.

"ఏ పడవమ్మా మీది?"

"పడవ లేదు బాబూ. కొండుంది," అంది కనక.

వరహాలరావు మూడు మిషన్లు బల్ల మీద పెట్టాడు. రంగులది పద్దెనిమిది వేలు. దాన్ని ఇద్దరూ కాసేపు చూసి, దండం పెట్టినంత మర్యాదగా వెనక్కి తోశారు. రెండోది అరచేతిలో ఇమిడే పసుపుపచ్చది, సెకండ్‌హ్యాండు, బేరమాడితే నాలుగు వేలకొచ్చింది. మూడోది ఎవరో పడవాయన అమ్మేసిన నల్లటిది. ఇటుకంత ఉంది, నెత్తిన తోకలాంటి యాంటెనా. రెండు వేల ఎనిమిది వందలు.

"పసుపుది ముద్దుగా ఉంది పిన్నీ," అంది జాయ్.

"ముద్దుగా ఉన్నోడని సేసుకున్న మా అక్క ఇప్పుడేటంటాదో అడుగు. కత్తి కొంటే కొమ్మ మీద ఏసి సూత్తాం. ఇవి అడివిలో పనిసేత్తాయో లేదో సూడాల."

"ఇక్కడ అడివెక్కడిదమ్మా?" అన్నాడు వరహాలరావు.

"తెచ్చుకున్నాం."

కనక విస్తళ్ళ కట్ట విప్పింది. కొట్టు బయట మెట్టు మీద రెండు మిషన్లూ పక్కపక్కనే పెట్టింది. "మా అడివెప్పుడూ తడే," అంటూ ఒక్కో విస్తరినీ బకెట్టు నీళ్ళలో ముంచి వాటి మీద కప్పడం మొదలుపెట్టింది. జాయ్ అంచెత్తి లోపలికి తొంగిచూసి, ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయో పైకి చెబుతోంది. పడవలవాళ్ళు చుట్టూ మూగారు.

"ఏటి సేత్తన్నావమ్మా, మిషన్లకి బోజనాలా?" అన్నాడొకడు.

"ఆకులేశాను. వడ్డన నువ్వు సెయ్యి."

నాలుగో ఆకుకి పసుపుది తడబడింది. ఐదో ఆకుకి దిక్కుతోచక ఆగిపోయింది. నల్లది తొమ్మిదో ఆకు కింద కూడా నాలుగు ఉపగ్రహాల్ని వదలలేదు. పడవలవాళ్ళు ఈలలు వేశారు. ఆ తడి విస్తళ్ళు హోటలాయనెవరో సగం ధరకి పట్టుకుపోయాడు. నల్లది కొనగా మిగిలిన డబ్బులోంచి వరహాలరావు పెన్సిల్ సెల్లులు, జిలేబీ తెప్పించిపెట్టాడు.

శనివారం టైడాలో రైలు ఆగీ ఆగకముందే అందరూ దూకారు. రోనాల్డ్ ముందు పరిగెత్తాడు. జాయ్ అంకెలు వేసి నల్ల మిషను కనక చేతికిచ్చింది. ముప్పై అడుగులు వేశారో లేదో, అది కుయ్యోమని ఏడుపు లంకించుకుంది.

జాయ్ తెర మీద అక్షరాలు చదివి, నవ్వాపుకోలేక రాయి మీద కూలబడింది. "పడవ లంగరు జారితే హెచ్చరిస్తుందట పిన్నీ. మనం సముద్రంలోకి కొట్టుకుపోతున్నామనుకుంటోంది."

"కొండ మీద మునిగిపోతామనా? దాని నోరు మూయించు."

మూయించడం జాయ్‌కి తెలియలేదు. కనక దాన్ని కొంగులో చుట్టి ఎక్కడం మొదలుపెట్టింది. ఏడుపు ఆగలేదు. కోతులు పారిపోయాయి. కట్టెల మోపుతో దిగుతున్న సోంబరు అనే ఆయన మోపు దింపి, పసిబిడ్డ ఎక్కడని వెతికాడు. ఇద్దరూ నవ్వుతూ ఒకరినొకరు లాక్కుంటూ ఎక్కారు.

బాణం గుర్తు ఒక గుట్ట దగ్గర ఆగింది. పది అడుగులు అటో ఇటో, అంతకన్నా మిషను చెప్పలేదు. కనక చుట్టూ చూసింది. అడ్డాకు కోసేవాళ్ళు ఆకు తెంపుతారు, తీగ నరకరు. అక్కడొక తీగ కత్తితో నరికి ఉంది. దాని వెనకున్న రాయి ఎత్తితే పచ్చ డబ్బా.

నోటుబుక్కు తెరిచింది. మొదటి పేజీ తెల్లగా ఉంది.

అప్పుడే పొదల్లోంచి రోనాల్డ్ ఊడిపడ్డాడు. చెట్ల కిందకి రాగానే అతని రంగుల మిషనుకి ఆకాశం అందలేదు. చివరికి వీళ్ళ మిషను ఏడుపు విని దాని వెంటే వచ్చాడు. చేతిలో పెన్ను తెరిచే ఉంది.

"పిన్నీ, మీకు ఆలస్యమవుతుంది. ముందు నాది రాసి, దాని కింద మీ పేరు నేనే రాసిస్తాను."

"కూకోరా గుంటడా," అంది కనక.

అతను కూర్చున్నాడు. కనక పెన్సిలు తడిచేసి, ముందు ఇంటిపేరని 'కొ' పెట్టింది. నిదానంగా 'ర్రా' దిద్దింది. రోనాల్డ్ బూట్లు విప్పి ముల్లు తీసుకున్నాడు. ఆమె 'కనక' రాసింది.

"అయిందా పిన్నీ?"

"ఊరి పేరు రాయొద్దా?"

ఊరు రాసింది. మండలం మొదలుపెట్టింది. జాయ్ మిగిలిన జిలేబీ విప్పి అన్నకి సగం ఇచ్చింది.

"బేగి రాయి పిన్నీ. తిరుగు రైలెళ్ళిపోద్ది," అన్నాడు రోనాల్డ్ దిగులుగా.

కనక తలెత్తలేదు. అప్పుడే జిల్లా పేరుకొచ్చింది.

— వంతల రమణి, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు సీతంపేటలో అక్క కూతురి దగ్గర ఉంటున్నాను.