సల్లబడ్డ అర్ర

రాత్రంతా ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపి వచ్చినవాడికి పగలు నిద్ర కావాలా, వద్దా? మా ఆయన వీరేందర్‌కు అదే కరువైంది. గోదావరిఖనిలో మేం అద్దెకున్నది డాబా మీది గది, మా దిక్కు అర్ర అంటాం. పొద్దున పదింటికే కప్పు పెనంలా కాలేది. ఒకనాడు స్టీరింగ్ మీదే కన్నంటుకుందని, ఎదురుబండి హారన్ కొట్టబట్టి బతికానని నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

కప్పుకు ఎండను ఆపే తెల్లరంగు వేస్తే సగం ఖర్చు సర్కారు ఇస్తుందని విన్నాను. ఇంటి యజమాని ఆగయ్య కాకను అడిగాను. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషే, పగటి నిద్ర విలువ తెలియనివాడా! మిగతా సగం ఎవడు పెడతాడని కసిరాడు. కింద ఉండేవాడికి పైన ఎండ ఎందుకు తెలుస్తుంది? పోనీ నాకే ఇస్తారా అని ఆఫీసుకు పోతే, ఇల్లు ఎవరిదైతే సబ్సిడీ వాళ్లకే అన్నారు.

ఇక బతిమాలడం నా వల్ల కాలేదు. చిట్టీ ఎత్తి, నా ఖర్చుతోనే వేయించుకుంటానని కాకకు చెప్పి, రంగు వేయించాను. మరునాడు మా ఆయన మధ్యాహ్నం దాకా గురకపెట్టి పడుకున్నాడు. ఆ గురక వింటుంటే నాకు కడుపు నిండినట్టయింది.

కాక ఊరుకున్నాడా? ఆ కప్పు ఫొటోలే చూపించి సబ్సిడీ తన ఖాతాలో వేయించుకున్నాడు. మాకు పైసా రాల్చలేదు సరికదా, ఓ రోజు పైకొచ్చి, గోడ మీద చెయ్యి పెట్టి చూసి, ఖాళీ చేయమన్నాడు.

"మా కోడలు బాలింత. ఈ అర్ర సల్లగున్నది, ఇందుల పండుకుంటది బిడ్డా."

"మరి నేను పెట్టిన పైసలు, కాకా?"

"గీక్కొని పో. నేను వెయ్యమన్ననా?"

ఆయన నోట్లో మన్నుపడ. సామాను సర్దుకుని వచ్చేశాం.

ఇప్పుడు రెండు గల్లీల అవతల రేకుల ఇంట్లో ఉంటున్నాం. ఇంటామె సారక్క మంచి మనిషి, ఆ మాట నేను కాదనను. నిన్న తనే వచ్చి, రేకులకు రంగు వేయిద్దామంది. సగం తను పెడతానని, సబ్సిడీ వస్తే నా చేతికే ఇస్తానని చెప్పింది. చిట్టీ డబ్బులు ఇంకా కొన్ని ఉన్నాయి. కానీ నా మనసు విరిగిపోయింది.

"ఇంకోళ్ల కప్పుకు నా పైస పెట్ట, సారక్కా," అన్నాను.

ఆమె వెళ్లిపోయింది. లోపల వీరేందర్ తడిగుడ్డ కప్పుకుని అటూ ఇటూ దొర్లుతున్నాడు. రాత్రికి మళ్లీ డ్యూటీ ఉంది.