తెల్లబూట్ల వరస

"లీకు! ఎక్కడో లీకు ఉంది. అదెక్కడో ఇవాళ తేలాలి!"

డ్రెస్సింగ్ రూమ్‌లోంచి మేనేజరు కేక వినబడగానే మూటల మావయ్య చేతిలో పని వదిలేశాడు. బాత్‌రూమ్‌లోకి దూరి కుళాయిలన్నీ చూసి, ఒక చేత్తో బకెట్టు, ఒక చేత్తో పానా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అన్నీ బాగానే ఉన్నాయండీ! ఏ కుళాయి?"

మేనేజరు నవ్వలేదు. తలుపు మూసి గడియ పెట్టాడు. లోపల కెప్టెన్, కోచ్ మాత్రమే ఉన్నారు.

"కుళాయి కాదయ్యా. జట్టు గుట్టు కారిపోతోంది."

మావయ్య నిజానికి అక్కడ ఎవరికీ మావయ్య కాదు. ఇరవై రెండేళ్ళుగా జట్టు ఏ దేశం వెళ్ళినా బ్యాట్లూ ప్యాడ్లూ బూట్లూ మూటగట్టుకెళ్ళి, ఒక్క గ్లవ్ పోకుండా తిరిగి తెచ్చే కిట్ మనిషి. కుర్రాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరది.

మూడు టెస్టుల సిరీస్. మొదటి టెస్టులో గుప్పిట్లో దాచుకున్న కొత్త బౌలర్ కోసం ఆతిథ్య జట్టు ముందురోజే సిద్ధమైపోయింది. రెండో టెస్టులో ఎడమచేతి స్పిన్నర్‌ని చివరి నిమిషంలో దింపుదామనుకుంటే, వాళ్ళు ముందురోజు నెట్స్‌లో ఎడమచేతి స్పిన్ తప్ప మరోటి ఆడలేదు. తిప్పేవాడికే తిప్పలొచ్చాయి. పర్యటన అనుకున్నది యాతనై కూర్చుంది. రేపే మూడో టెస్టు.

"పదకొండు మంది పేర్లు ముందురోజు తెలిసేది ముగ్గురికే," అన్నాడు మేనేజరు. "కెప్టెన్‌కి, కోచ్‌కి..." అని ఆగి, మావయ్య వైపు చూశాడు.

ఆడేవాళ్ళ బూట్లకి కొత్త మేకులు బిగించి తెల్లరంగు పట్టించాలి కనక, ఆ పేర్లు మావయ్యకి ముందురోజు పొద్దున్నే చెబుతారు.

"బాబూ, నేను మూటలు మోస్తాను గానీ మాటలు మోయను."

"ఈసారి కూడా పొక్కిందా, సాయంత్రం విమానంలో ఇంటికే. మళ్ళీ జట్టు గుమ్మం తొక్కవు."

కెప్టెన్ జాబితా చేతికిచ్చాడు. అందులో స్పిన్నర్ లేడు. అతని బదులు, కుర్రాళ్ళు నిచ్చెన అని పిలిచే పొడుగాటి ఫాస్ట్ బౌలర్ ఉన్నాడు.

మావయ్య ఆ కాగితం మేజోట్లో దోపుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆయనకి లోకమంతా దొంగల్లాగే కనిపించింది. గది తుడిచే ఆవిడ చీపురు అంత నెమ్మదిగా ఎందుకు కదులుతోంది? బస్సు డ్రైవర్ ఫోన్లో ఎవరితో గుసగుసలు?

"ఏంటి మావయ్యా, రేపు ఎవరెవరు?" అని మసాజర్ పలకరించాడు.

"ఆడేవాళ్ళు ఆడతారు, ఆడనివాళ్ళు చప్పట్లు కొడతారు. నీకెందుకురా?"

"అబ్బో! అడిగితేనే బంగారం అరిగిపోయేట్టుంది."

మావయ్య పనిలో పడ్డాడు. మేకులు బిగించి, రంగు వేసి, పదకొండు జతలూ ఎప్పటిలాగే బాల్కనీ గోడ మీద ఎండకి పెట్టి, గదికి కాపలా కూచున్నాడు.

మూడింటికి కోచ్ నెట్స్ వైపు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"వాళ్ళ మనిషొకడు స్టూలెక్కి బంతులు విసురుతున్నాడు. అంతెత్తు నుంచి వేసేవాడు మనకి నిచ్చెన ఒక్కడే."

కెప్టెన్ నిట్టూర్చాడు. "మావయ్యా, ఆ జాబితా అబద్ధం. రేపు ఆడేది స్పిన్నరే. ఆ అబద్ధం నీ ఒక్కడికే చెప్పాం."

పొద్దుటి నుంచి తెల్లబడినవి బూట్లు. ఇప్పుడు తెల్లబోయింది మావయ్య మొహం.

"పెట్టె సర్దుకో," అన్నాడు మేనేజరు.

"బూట్లు లోపల పెట్టి పోతానండీ. నేను పోయినా అవి ఆడాలిగా."

మావయ్య బాల్కనీలోకి వెళ్ళాడు. ఆనుకునే ఉన్న పక్క బాల్కనీలో ఆతిథ్య జట్టు కోచ్ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. చూపు మైదానం మీద లేదు. మావయ్యని చూడగానే తలెత్తి ఆకాశం పరీక్షించడం మొదలెట్టాడు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

మావయ్య అతని చూపు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి చూశాడు. తన బూట్లే! మొదటి జత ఓపెనర్‌ది, రెండోది రెండో ఓపెనర్‌ది... అచ్చంగా బ్యాటింగ్ వరస. ప్రతి మడమ మీదా నల్లరంగుతో ఆటగాడి జెర్సీ నంబరు. చివర్న పడవల్లాంటి నిచ్చెన బూట్లు.

"కెప్టెన్ బాబూ, తొందరగా రండి! లీకు దొరికింది!"

అయిదింటికి జట్టంతా చేరింది. మావయ్య నిలబడి చెప్పుకొచ్చాడు.

"గోడలకి చెవులుంటాయని విన్నాను గానీ, గోడెక్కిన బూట్లకి నోళ్ళుంటాయని ఇవాళే తెలిసింది. పూర్వం ఓ ఓపెనర్ హడావుడిలో ఎవరి బూట్లో తొడుక్కెళ్ళి, పరుగు మధ్యలో జారిపడి అవుటయ్యాడు. అప్పట్నుంచి వరస తప్పకుండా పెడుతున్నా. నేను పెదవులు కుట్టుకు కూచుంటే, అవి నిలబడి జాబితా చదివేశాయి. ఈ దేశంలో ప్రతి మైదానంలోనూ రెండు జట్ల బాల్కనీలూ పక్కపక్కనేనాయె!"

"అయితే నేను దొంగని కాదుగా?" అన్నాడు మసాజర్.

మేనేజరు తల గోక్కుంటూ దగ్గరికొచ్చాడు. "తప్పు నాది. ఏమనుకోకు. విమానం మాట మర్చిపో."

"బూట్లు మాత్రం తియ్యకు మావయ్యా," అన్నాడు కెప్టెన్. "నిచ్చెనవి అక్కడే ఉండనీ. చీకటి పడేదాకా వాళ్ళని స్టూలెక్కనీ."

"మరి నా బూట్లో?" అన్నాడు స్పిన్నర్.

"నీవి బాత్‌రూమ్‌లో ఆరబెడతా నాయనా. అక్కడ ఏ లీకూ లేదు, పొద్దున్నే పానా పట్టుకుని చూశా."