బిష్కెక్‌లో ఉయ్యూరు శాలువా

నేను ఒక శాలువాని. చలికి కప్పుకునే రకం అనుకునేరు, కాదు. సభల్లో కప్పుతారే, ఆ రకం. మా బతుకు మనిషి భుజాల మీద రెండు నిమిషాలు, కుర్చీ వీపు మీద గంట, ఆపైన బీరువాలో.

ఎక్కడో ఉత్తరాదిన మరమగ్గం మీద పుట్టాను. నాలో ఉన్ని పావు వంతు, మిగతా ముప్పావు ఏమిటో నేసినవాడికే తెలియదు. ఎర్ర రంగు, బంగారు రంగు జరీ అంచు. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక కొట్లో జ్ఞాపికల పక్కన కొన్నాళ్లు కూర్చుని, కంకిపాడులో ఒక హెడ్మాస్టరు గారి పదవీ విరమణ సభకు వెళ్లాను. అది మే నెల. నన్ను కప్పగానే ఆయనకు ముచ్చెమటలు పోశాయి. ఫోటో దిగిందో లేదో నన్ను ఒలిచి పక్కన పడేశారు. నెల తిరక్కుండా ఆయన నన్ను ఒక డాక్టరుకు కప్పారు, డాక్టరు ఒక కవికి కప్పారు, కవి గ్రంథాలయ కార్యదర్శికి కప్పారు. ఆ కార్యదర్శి ఏ మాత్రం ఆలోచించకుండా నన్ను తీసుకెళ్లి మళ్లీ హెడ్మాస్టరు గారికే కప్పారు. ఆయన నన్ను వేళ్లతో తడిమి, "చాలా బాగుందండీ, ఎక్కడ కొన్నారు?" అన్నారు. మనుషుల జ్ఞాపకశక్తి మీద నాకు నమ్మకం పోయింది ఆ రోజే.

అలా ఏడు చేతులు మారి, ఉయ్యూరులో పోతుమర్తి గగారిన్ గారి బీరువాకు చేరాను. పేరు చూసి ఆశ్చర్యపోకండి. కృష్ణా జిల్లాలో ఆ రోజుల్లో రైతు సంఘం నాయకులు పిల్లలకు అలాంటి పేర్లే పెట్టేవారు. ఈ గగారిన్ గారు మాత్రం అంతరిక్షం జోలికి పోకుండా, నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్పై మూడేళ్లు కాలువల బొమ్మలు గీసి రిటైరయ్యారు. వాళ్ల నాన్నగారికి సోవియట్ దేశం చూడాలని ఆశ. ఆయన చూడలేదు, ఆ దేశమూ ఆయన కోసం ఆగలేదు.

కిందటి అక్టోబరులో వాకర్స్ క్లబ్బు వాళ్లు పద్దెనిమిది మంది ఒకప్పుడు సోవియట్‌లో భాగమైన కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌కు బయల్దేరారు. గగారిన్ గారు వాళ్లలో చేరి, నాన్నగారి వర్ధంతి సభలో అందరి ముందూ ఒక మాట ఇచ్చేశారు. అక్కడి లెనిన్ విగ్రహానికి శాలువా కప్పి, ఆ ఫోటో తెచ్చి, వచ్చే ఏడు ఇదే వేదిక మీద నాన్నగారి ఫోటో పక్కన పెడతారట. చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్లే కొంప ముంచాయి.

పెట్టె సర్దేటప్పుడు ఆయన భార్య దమయంతి గారు స్వెట్టరు పెట్టారు. ఆయన తీసేశారు.

"మనకి డిసెంబరులోనే చలి లేదు, అక్టోబరులో చలేంటి దమయంతీ?" అంటూ ఆ ఖాళీలో నన్నూ, హోటలు మేనేజరు మొదలుకొని బస్సు డ్రైవరు దాకా అందరికీ ఇవ్వడానికి నాలుగు జ్ఞాపికలనూ కుక్కారు.

బిష్కెక్‌లో నేను ఆయన భుజాన వేలాడే సంచిలో, జిప్పు సందులోంచి ఊరు చూశాను. పళ్లెం బోర్లించినట్టున్న సర్కస్ భవనం, రంగుల అద్దాల పెళ్లిళ్ల భవనం, ఒకే అచ్చులో పోసినట్టు వరసగా నిలబడ్డ పాత కాంక్రీటు ఇళ్లు. గైడు ఐగుల్ అనే అమ్మాయి ఇంగ్లీషులో వివరిస్తుంటే, గగారిన్ గారు వెనకే తెలుగులో సవరించేవారు. ఏ భవనం చూపించినా ఆయనకు మా కాలువ గట్టు మీది ఇన్‌స్పెక్షన్ బంగళాయే గుర్తొచ్చేది.

"అదే స్లాబు, అదే కిటికీ. మనకి డబ్బు సరిపోక చిన్నది కట్టారు గానీ," అనేవారు. వెనకాల దమయంతి గారు పమిట చెవుల మీదుగా లాక్కుని నడిచేవారు. గాలి ఈడ్చి కొడుతోంది, పైగా సన్నగా తుంపర.

చివరికి పాలరాతి పెట్టెలాంటి మ్యూజియం ముందరి పెద్ద చౌకుకు చేరాం. తీరా చూస్తే అక్కడ గుర్రం మీద ఎవరో వీరుడు. గగారిన్ గారు లెనిన్ కోసం నాలుగు దిక్కులా వెతికారు.

"మా ఆయన ఏడమ్మా?" అని ఐగుల్‌ను అడిగారు.

ఎప్పుడో మ్యూజియం వెనక్కి మార్చారని ఆమె చెప్పింది. ఆయన పరుగులాంటి నడకతో వెనక్కి వెళ్లారు. విగ్రహం ఉంది, చెయ్యి చాచి నిలబడే ఉంది. అయితే మేడంత ఎత్తున ఉంది.

గగారిన్ గారు నన్ను చేతిలో పట్టుకుని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశారు. మన ఊళ్లలో ఏ విగ్రహానికైనా వెనక ఇనుప మెట్లుంటాయి, ఎక్కి దండ వేస్తారు.

"నిచ్చెన లేకుండా విగ్రహం ఎలా పెట్టారండీ? జయంతికి దండెవరు వేస్తారు?" అని డ్రాఫ్ట్స్‌మన్‌గా మండిపడ్డారు. తరువాత భక్తిగా బూట్లు విప్పి, దిమ్మె మీదికి కాలు వేశారు. క్లబ్బులోని మందుల షాపు మస్తాన్ గారు ఫోను ఎత్తి పట్టుకున్నారు. నా సంగతి ఎవరూ అడగలేదు. అంత ఎత్తు భుజం ఎక్కితే ఆ గాలికి నేను ఏ చెట్టు మీద తేలతానో అని వణికిపోయాను.

ఈల వినిపించింది. జుట్టు నెరిసిన పోలీసు ఒకాయన వచ్చి, ఆ గుడ్డ ఎందుకని అడిగాడు. గౌరవం కోసం కప్పుతారని ఐగుల్ చెప్పింది. ఆయన విగ్రహాన్ని చూశాడు, నన్ను చూశాడు, బెంచీ మీద ముడుచుకుని పళ్లు టకటకలాడిస్తున్న దమయంతి గారిని చూశాడు. ఏదో అన్నాడు. ఐగుల్ నవ్వాపుకుంటూ దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది.

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈ లెనిన్‌ని చూస్తున్నాడట. ఒక్కసారీ తుమ్మలేదట. ఆ వణికే ఆవిడ ఎవరని అడుగుతున్నాడు."

గగారిన్ గారు దిమ్మె దిగారు. బూట్లు వేసుకోవడం కూడా మరిచిపోయి తడి రాళ్ల మీద అలాగే నిలబడ్డారు. ఊళ్లో ఇచ్చిన మాట ఒక పక్క, భార్య పళ్ల చప్పుడు ఒక పక్క. ఇంతకు ముందు అది వినపడలేదంటే, ఆయన మాటలే ఆయనకు ఎక్కువగా వినపడేవి మరి.

"మా నాన్నే ఉంటే ఈపాటికి నన్ను చెడామడా తిట్టేవాడు," అని గొణిగి, బెంచీ దగ్గరకు నడిచారు. అలవాటైన చేతులు గదా, నన్ను ఒక్క దులుపు దులిపి, దమయంతి గారి రెండు భుజాల మీదుగా కప్పి, వెనక్కి జరిగి నమస్కారం పెట్టేశాయి. వాకర్స్ క్లబ్బు అలవాటుగా చప్పట్లు కొట్టింది. అర్థం కాకపోయినా పోలీసూ కొట్టాడు.

"ఏంటండీ ఇది, నలుగురూ చూస్తన్నారు," అన్నారావిడ, నన్ను మాత్రం గట్టిగా లాక్కుంటూ.

"చలేస్తందని చెప్పొచ్చుగా!"

"ఇంటి దగ్గరే చెప్పాను. మీరు స్వెట్టరు తీసేసి జ్ఞాపికలు పెట్టారు."

గగారిన్ గారు కిందికి చూశారు.

"తప్పు నాదే," అన్నారు. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఈ మాట ఆయన అనడం విన్నవాళ్లు లేరట.

"అమ్మగారు రెండు మాటలు మాట్లాడాలి!" అని మస్తాన్ గారు కేకేశారు.

"టీ ఎక్కడ దొరుకుద్దో అడగండి ముందు," అన్నారు దమయంతి గారు.

టీ కొట్లో వేడి తగిలాక గగారిన్ గారికి సభలు గుర్తొచ్చాయి కాబోలు, మెల్లగా నా అంచు పట్టుకున్నారు.

"ఇలా ఇవ్వు, తడిసిపోయింది. మడత పెడతాను. మళ్లీ ఎవరికైనా..."

దమయంతి గారు ఒక్క తుమ్ము తుమ్మి, నా జరీ అంచుతో ముక్కు తుడుచుకుని, నన్ను ఇంకో చుట్టు చుట్టుకున్నారు. ఏడు సన్మానాల్లో నాకు దక్కని గౌరవం అది.