గొలుసుకు పల్చటి నూనె

బయల్దేరిన నాలుగో రోజు మధ్యాహ్నం మోటారుసైకిలు గొలుసు మళ్ళీ కీచుమంది. వెనక కూర్చున్న ఆమె పళ్ళు నూరుకుంది. పాతికేళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషి. నూనె అందని ఇనుము ఎలా ఏడుస్తుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. నిన్న చెప్పింది, పొద్దున చెప్పింది. వెనక కూర్చున్నవాళ్ళకి లేనివన్నీ వినిపిస్తాయని భర్త నవ్వేశాడు.

ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఈ ప్రయాణం కోసం బండికి ఒక డబ్బా తెప్పించాడు. సీటు కింద బిగించి గొట్టం తగిలిస్తే, గొలుసు మీద దానంతట అదే చుక్క చుక్కగా నూనె పడుతుందట. మూడు ఆదివారాలు ఆ బిగింపుకే సరిపోయాయి. వీధిలో వాళ్ళందరినీ పిలిచి, పుట్టిన బిడ్డను చూపించినట్టు చూపించాడు.

ఆమె ఆరాటం వేరే. చెల్లెలి కూతురు ఆ సాయంత్రం ఆరింటికి మొదటిసారి వేదిక మీద పాడుతోంది. పెద్దమ్మ కుట్టిన గౌనే వేసుకుంటానని పట్టుబట్టింది. లేత నీలం పట్టు, అంచున తెల్ల పూలు, రెండు నెలల చేతిపని. పార్సిల్లో పంపుతానంటే భర్త వినలేదు. దారిలో చూడాల్సినవి బోలెడున్నాయి, చూసుకుంటూ వెళ్ళి పిల్ల చేతికే ఇద్దామన్నాడు. ఆ గౌను ఇప్పుడు వెనక చక్రం పక్కన వేలాడే సంచిలో ఉంది.

"ఆపండి," అంది.

"ఇంకో గంటన్నరలో చేరిపోతామే."

"గొలుసు తెగితే మీరు మోసుకెళ్తారా? ఆపండి."

దిగి చూస్తే డబ్బా ఖాళీ. పొద్దున్నే నింపిన డబ్బా. నూనెంతా చక్రం ఊచలకూ టైరుకూ సంచికీ చిమ్మి ఉంది. గొలుసు మాత్రం ఎర్రటి దుమ్ము పట్టి పొడిగా ఉంది. గొట్టం చివర గొలుసుకు నూనె రాసే బ్రష్షు ఏ మలుపులో ఊడిపోయిందో. అవసరానికని తెచ్చిన గొలుసు నూనె స్ప్రే తీసి నొక్కితే, మీట విరిగి ఆయన వేలి కొనకు అతుక్కుంది. దానివంక కాసేపు చూసి, జేబులో వేసుకున్నాడు.

ఆమె అప్పటికే సంచి విప్పింది. పైనున్న చీర నూనెలో నానింది. దాని కింద ప్లాస్టిక్ కవరు, అందులో గౌను. కవరు మూతి దగ్గర మడత లోపలికి నూనె దిగి, అంచు మీద కోటు బొత్తామంత మచ్చ పడింది.

"ఏం నూనె పోశారు?"

"మన మిషను నూనే. దాన్ని మించింది ఏముంది?"

ఇంట్లో ఏది కీచుమన్నా ఆయన దగ్గర అదే మందు. తలుపు బందులకు అదే, గొడుగుకు అదే, ఒకసారి ఆమె కళ్ళజోడుకు కూడా అదే. అంత పల్చటి నూనె ఈ ఎండకు నీళ్ళలా కారిపోక ఏం చేస్తుంది?

"డబ్బాతో ఒక కాగితం వచ్చిందిగా. చదివారా?"

ఆయన డబ్బా కదలకుండా ఉండటానికి దాని కింద మడిచి పెట్టిన కాగితాన్ని లాగి జేబులో పెట్టుకున్నాడు.

బండిని రెండు మలుపులు తోసుకుంటూ వెళ్తే లారీలు బాగుచేసే షెడ్డు కనబడింది. ఆ మేస్త్రీ కాస్త చిక్కటి నూనె ఇచ్చి, ఈ డబ్బా బిగించిన మహానుభావుడెవరని అడిగాడు. ఆయన గబగబా పనిముట్ల సంచి విప్పాడు.

ఆమె కొంగు దోపింది. నడుము సంచిలోంచి బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క తీసి, గొలుసులో ఒక లింకు మీద గీత పెట్టింది. ఆ గీత తిరిగొచ్చేదాకా చక్రం తను తిప్పుతానని, లింకు లింకుకూ చుక్క వెయ్యమని చెప్పింది. ఆయన పనిముట్ల సంచిలో మిషన్లకు నూనె వేసే పొడుగు ముక్కు డబ్బా ఉంది. అందులో చిక్కటి నూనె నింపి, చెప్పినట్టే వేశాడు. తర్వాత ఆమె నానిన చీరతోనే టైరు తుడవబోయింది.

"అది పెళ్ళిరోజుకి కొన్న చీర కదే."

"ఇప్పుడు గుడ్డ."

మిగిలిన సుద్దను పొడి చేసి, నూనె పీల్చుకునేలా మచ్చ మీద అద్ది, గౌను ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది. గొలుసు ఇంక నోరెత్తలేదు.

చేరేసరికి ఆరుకు పది నిమిషాలు. సుద్ద దులిపితే మచ్చ తగ్గింది గానీ పోలేదు. పిల్ల గౌను వేసుకుంటూనే వేదిక వైపు పరుగెత్తింది. దానికి మచ్చ కనబడనేలేదు. పెద్దమ్మకు మాత్రం వేదిక మీద అదొక్కటే కనబడింది. పాట అయిపోయి అందరూ చప్పట్లు కొడుతుంటే, తను ఒక్క ముక్క కూడా వినలేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"చిక్కటి నూనె పోస్తే తిరుగు ప్రయాణంలో..." అని భర్త చెవి దగ్గర మొదలుపెట్టాడు.

"మీరూ మీ డబ్బా బండి మీద రండి. నేను బస్సులో వస్తాను."

ఆయన జేబులో చెయ్యి పెట్టి, విరిగిన మీటతోపాటు వచ్చిన ఆ నూనె మరకల కాగితం మడతలు విప్పి, కళ్ళజోడు సవరించుకుని మొదటి వరుస నుంచి చదవసాగాడు.